మేస్త్రి పెట్టిన మెలిక

ఆఫీసులో అందరూ ఆయన్ని మేస్త్రి అనేవారు. ఇంటర్నెట్ మీద ఫోన్లు మాట్లాడుకునే ఆ సాఫ్ట్‌వేర్‌ని పన్నెండేళ్లుగా ఒంటిచేత్తో కట్టింది ఆయనే మరి. ఏం కట్టడంలెండి! రింగు, మాట, రికార్డింగు అన్నీ కలగాపులగం. ఒకచోట వేలు పెడితే మరోచోట కాల్ తెగేది. తెగినప్పుడల్లా ఆయన కాళ్లావేళ్లా పడాలి. గంటసేపు తిట్టిపోసి, ఐదు నిమిషాల్లో బాగుచేసేవాడు. అదీ ఆయన వైభోగం.

యజమాని ఆయన చెల్లెలి మొగుడే. "బావగారూ, దీన్ని ముక్కలుగా విడగొట్టండి. ఏ ముక్క చెడితే ఆ ముక్కే చూసుకుంటాం" అన్నాడు. ఆ ఆఫీసులో ఒక రివాజుంది. పని ముగించినవాళ్లు వారం రోజులు సెలవు మీద వెళ్లాలి. ఆ వారంలో సాయం కోసం వాళ్లకి ఒక్క ఫోన్ వెళ్లినా పని పూర్తి కానట్టే.

మేస్త్రి గుండెల్లో రాయి పడింది. ఎవరూ ఫోన్ చేయకపోతే ఇక తనతో ఏం పని? యాభై ఎనిమిదేళ్లకి ఇంకెవడిస్తాడు ఉద్యోగం?

అయినా పనితనం చావదు కదా, ఆరు నెలల్లో ముక్కలన్నీ ముచ్చటగా కుదిర్చాడు. నేర్చుకోవడానికి వచ్చిన కొత్తమ్మాయి సందేహం అడిగితే మాత్రం నలుగురిలో ఎగతాళి చేసేవాడు. "నీ బుర్రకి ఎక్కదమ్మా, వెళ్లి పెళ్లి చేసుకో." ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ రాసుకునేది.

సెలవుకి ముందు, కాల్‌ని కలిపి ఉంచే ముక్కలో మేస్త్రి ఒక మెలిక పెట్టాడు. బుధవారం నుంచి ప్రతి కాల్ ఇరవై నిమిషాలకి తెగిపోతుంది. కారణం కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అవతల ఏ రోగి ఏ డాక్టరుతో మాట్లాడుతుంటాడో అన్న చింత ఆయనకి లేదు.

బుధవారం పొద్దున్నే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమిటండీ, గుడ్డు పొదుగుతున్నారా?" అంది భార్య.

గురువారమూ మోగలేదు. శుక్రవారం భార్య ఫోన్‌తో తనకే కాల్ చేసి చూసుకున్నాడు. నిక్షేపంగా మోగింది.

సోమవారం యజమాని ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. "శభాష్ బావగారూ! వారమంతా మీ ఊసే ఎత్తలేదు ఎవరూ. ఇక హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి. మీ చెల్లెలు కూడా అదే అంది."

మేస్త్రి విసవిసా కొత్తమ్మాయి దగ్గరికి వెళ్లాడు.

"బుధవారం కాల్స్ తెగలేదూ?"

"తెగాయండి. ఆ ముక్క పీకేసి, బయట రెడీమేడ్‌గా దొరికేది తగిలించాను. పావుగంట పట్టింది. మీరు ముక్కల మధ్య అతుకులు అంత శుభ్రంగా పెట్టారు కదా!"

"అది పొరపాటు కాదు! నేను కావాలనే పెట్టాను! ఎంత తెలివిగా దాచానో తెలుసా నీకు?" అని అరిచాడు. తను ఏం ఒప్పుకుంటున్నాడో కూడా ఆయనకి తోచలేదు. కనీసం ఆమె తిట్టినా బాగుండునని ఎదురుచూశాడు.

ఆమె కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"అలాగాండీ? నేను తెరిచి చూడలేదు. చెరిపేశాను."