బి సైడులో రెండో ఆల్బం

వేల్స్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే నిరుడు దాకా వరుణ్ తడుముకునేవాడు. దోహాలోని మదీనత్ ఖలీఫా పేటలో వాళ్ళ పక్క విల్లాలోకి ఓవెన్ వాళ్ళు దిగాకే ఆ దేశం అతనికి దొరికింది. దేశంతో పాటు గ్రే స్లేట్ అనే బ్యాండు కూడా దొరికింది. పలకరాయి గనులు మూతబడిన ఏదో ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని ఊరి మీద పడ్డారట. వాళ్ళ మొదటి ఆల్బం క్యాసెట్ ఓవెన్ ఇచ్చాడు. రీలు సాగి, పాడేవాడి గొంతు ముసలాడి గొంతయ్యేదాకా విన్నాడు వరుణ్. పదిహేడేళ్ళ వెధవకి అంతకన్నా పనేముంది!

ఇక రెండో ఆల్బం కోసం ఇద్దరూ ఆరు నెలలు ఎదురుచూశారు. "మొదటిది ఎవడైనా చేస్తాడు. పుట్టినప్పటి నుంచి పోగైనదంతా అందులో పోసేస్తాడు. రెండోదానికొచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. వాడి సరుకేంటో అప్పుడు తెలుస్తుంది," అనేవాడు ఓవెన్. వరుణ్ ఆ మాటని అమ్మకీ నాన్నకీ బడిలో స్నేహితులకీ సొంత మాటలా చెప్పేవాడు.

వరుణ్ వాళ్ళింట్లో ఎదురుచూస్తున్న మనిషి ఇంకొకరున్నారు. వంటమనిషి లలితకుమారి. పాలకొల్లు దగ్గర పల్లె ఆమెది. మొగుడు పోయాక, పదకొండేళ్ళ కూతురు భరణిని అత్తగారి దగ్గర వదిలి దోహా వచ్చింది. వదిలి వచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది. ఊళ్ళో పక్కింటికి ఫోను చేస్తే అత్తగారు వస్తుంది, తోడికోడలు వస్తుంది, భరణి మాత్రం రాదు. లలితకుమారికి చదువు రాదు, కాబట్టి ఉత్తరాలు లేవు. ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికి క్యాసెట్ ఇస్తుంది. దాని మీదే వాళ్ళు జవాబు చెప్పి, వచ్చేవాళ్ళ చేత పంపిస్తారు. రెండేళ్ళుగా ఒకటే క్యాసెట్ అటూ ఇటూ తిరుగుతోంది. అందులో అత్తగారి మోకాళ్ళ నొప్పులుంటాయి, గేదె ఈనిన కబురుంటుంది, భరణి ఉండదు.

వచ్చే నెలతో ఆమె వీసా అయిపోతుంది. ఉంటుందో వెళ్ళిపోతుందో ఈ వారంలో చెప్పాలి. కిందటిసారి క్యాసెట్లో కూతురితో ఒకటే అడిగింది: "నన్ను రమ్మంటావా, ఉండమంటావా? నీ నోటితో చెప్పు. నువ్వేం చెబితే అదే చేత్తాను." ఆ జవాబు వస్తే గానీ ఏమీ చెప్పలేనని ఇంటావిడ ప్రతిమతో కూడా అంది. ప్రతిమకి ఇండియన్ స్కూల్లో టీచరు ఉద్యోగం కొత్తగా వచ్చింది. లలితకుమారి లేకపోతే ఆ ఉద్యోగం లేదు. పైకి మాత్రం, "నీ ఇష్టం లలితా, పిల్ల ముఖ్యం కదా," అనేది. అలా అనడంలో ఆవిడ చాలా నేర్పరి.

గురువారం మధ్యాహ్నం అబ్దుల్ ఖాదర్ వచ్చాడు. వరుణ్ నాన్న మధుసూదన్ పనిచేసే కంపెనీలో డ్రైవరు. లలితకుమారిదీ అతనిదీ పక్క పక్క ఊళ్ళు. సెలవు నుంచి ఆ పొద్దున్నే దిగాడు. పాలిథిన్ కవరులోంచి క్యాసెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అక్కా, ఈసారి పిల్లే మాట్టాడింది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. మీ అత్తగారిని కూడా ఇననివ్వలేదు. ఏం చెప్పిందో ఆ దేవుడికీ దానికే తెలియాలి."

లలితకుమారి క్యాసెట్ని రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. తలుపేసుకుని మాట్లాడింది, తలుపేసుకుని మాట్లాడింది అని నాలుగుసార్లు అనుకుంది. హాల్లో సోఫా మీద పడుకున్న వరుణ్ ఈ మాటలన్నీ విన్నాడు. వినలేదని తర్వాత అన్నాడు గానీ, విన్నాడు.

క్యాసెట్ వినాలంటే ఇంట్లో ఉన్నది ఒకటే యంత్రం, వరుణ్ గదిలోని స్టీరియో. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలకి నాన్న ఆఫీసు వాళ్ళు నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. "ఇప్పుడు విన్నావంటే ఏడుస్తూ కూర్చుంటావు. రేపు సాయంత్రం అంతా అయ్యాక తీరిగ్గా విను," అంది ప్రతిమ. లలితకుమారి సరేనండి అంది. క్యాసెట్ని వరుణ్ గదిలో అలమరలో పెట్టి, పోతూ పోతూ దాన్ని ఒకసారి నిమిరి, గారెల పప్పు నానబెట్టడానికి వెళ్ళింది.

శుక్రవారం ఉదయం పదింటికి ఓవెన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో రెండో ఆల్బం. వాళ్ళ మామయ్య లండన్ నుంచి ఎవరి చేతో సీడీ పంపాడు. మధ్యాహ్నం రెండింటికి ఓవెన్ విమానం. వాళ్ళ నాన్నకి బదిలీ అయింది, ఇక తిరిగి రాడు. "గంట ఇస్తాను. కాపీ చేసుకో," అన్నాడు.

వరుణ్ అలమరంతా తోడాడు. ఖాళీ క్యాసెట్ లేదు. ఉన్నవాటిలో చెరపడానికి మనసొప్పేది ఒక్కటీ లేదు. శుక్రవారం ఉదయం దోహాలో ఒక్క కొట్టు తలుపు తీయదు. అప్పుడు కనబడింది, లలితకుమారి క్యాసెట్. తొంభై నిమిషాలది. బుర్ర చురుగ్గా పనిచేసింది. పల్లెటూరి పిల్ల, ఎంత మాట్లాడుతుంది, పది నిమిషాలు. అది ఎ సైడులో ఉంటుంది. బి సైడు ఊరికే పడి ఉంది. ఆల్బం నలభై ఒక్క నిమిషాలు, ఒక్క సైడులో సరిపోతుంది. సాయంత్రం ఆవిడ తన సైడు వినేస్తుంది, ఎవరికీ నష్టం లేదు. బి సైడు పెట్టి ఆరు సెకన్లు విన్నాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రికార్డు మీటలు నొక్కాడు.

పల్లెటూరి పిల్లకి ఎ అంటే ఏంటో, బి అంటే ఏంటో! చేతికి ఎలా వస్తే అలా పెట్టింది. మొదట్లో మాట పెగలక కాసేపు ఊరుకుంది. ఆ ఊరుకున్నది ఆరు సెకన్ల కన్నా ఎక్కువే.

వచ్చినవాళ్ళు తిని, త్రేన్చి, లలితకుమారి గారెల్ని మెచ్చుకుని నాలుగింటికి వెళ్ళారు. వరుణ్ గది తలుపేసుకుని రెండో ఆల్బం పెట్టుకున్నాడు. బాగుందో లేదో తేల్చుకోలేకపోయాడు. గిటార్లు తగ్గాయి, వయొలిన్లు ఎక్కువయ్యాయి. ఆఖరి పాట డ్రమ్ము దెబ్బతో ఆగిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, మాట మధ్యలోంచి, ఒక ఆడపిల్ల గొంతు.

"...అందుకే ఫోను కాడికి రాలేదమ్మా. నీ గొంతు ఇంటే ఏడుపొచ్చేత్తాది. నేను ఏడుత్తుంటే ఇనీసి నువ్వు ఫోను పెట్టేత్తావు కదా, అప్పుడు నేనేం చెయ్యను? నానమ్మ నన్ను బాగానే చూత్తాది. అయినా సరే వచ్చెయ్యి. నాకు గౌను వద్దు, వాచీ వద్దు. ఉండిపోతానని మాత్రం అనకమ్మా. వచ్చెయ్యి..."

నాలుగు నిమిషాలు అలాగే మాట్లాడింది. చివర్లో రీలు అయిపోయి మాట తెగింది. ముందున్న నలభై ఒక్క నిమిషాల్లో ఏం చెప్పిందో ఇక ఎవరికీ తెలియదు.

వరుణ్ స్టీరియో ఆపాడు. వెళ్ళి అమ్మని పిలుచుకొచ్చాడు. ఈ ఒక్కటీ అతను చేసిన మంచి పని అనుకోవచ్చు, అదీ భయంతో చేశాడు. ప్రతిమ విని, చెంప మీద ఒక్కటిచ్చింది. "బుద్ధుందా నీకు? కన్నతల్లి రా అది!" అంటూ క్యాసెట్ బయటికి లాగింది. లాగి, మంచం మీద కూర్చుని, మళ్ళీ పెట్టమంది. రెండోసారి వింటున్నప్పుడు ఆవిడ ముఖం నెమ్మదిగా చల్లబడింది.

"ఇది నువ్వు కాక ఇంకెవరైనా విన్నారా?"

"లేదమ్మా."

"అక్కడ కూడా ఎవరూ వినలేదన్నాడుగా ఖాదర్." కాసేపు తలుపు వైపు చూసింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "చెప్పామనుకో, గుండె పగిలి చస్తుంది. సగం వినిపించి ఏం లాభం? కొత్త క్యాసెట్ కొనుక్కొస్తాను, ఇదే రకం. ఖాళీగా వచ్చిందందాం. ఇది పారేద్దాం, ఇటివ్వు."

వరుణ్ క్యాసెట్ని వీపు వెనక్కి దాచాడు. "అమ్మా, ప్లీజ్. ఓవెన్ వెళ్ళిపోయాడు. ఇది ఇంకెక్కడా దొరకదు."

అంతే అడిగాడు. ఆ పిల్ల గురించి ఒక్క ముక్క అడగలేదు. ప్రతిమ కొడుకు ముఖంలోకి చూసింది. బేరం కుదిరిందని ఇద్దరికీ అర్థమైంది.

"పాటలుంచుకో. ఆ పిల్ల మాటలు చెరిపెయ్."

ప్రతిమ కారు తీసుకుని వెళ్ళింది. వరుణ్ ఆఖరి పాట అయిపోయిన చోట ఆపి, ఏమీ పెట్టకుండా రికార్డు నొక్కి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి లలితకుమారి వచ్చింది. ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, తలలో నూనె రాసుకుని వచ్చింది, పిల్ల ఎదురుగా కూర్చుంటుందన్నట్టు. స్పీకరు పక్కన నేల మీద కూర్చుంది. వరుణ్ కొత్త క్యాసెట్ పెట్టాడు. గాలి చప్పుడు.

"సిగ్గుపడతంది," అని నవ్వింది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. "ముందుకి తిప్పనా లలితమ్మా?" అన్నాడు. "వద్దు బాబుగారూ. మధ్యలో ఎక్కడో చెప్పుంటాది, పోద్ది." చెవి స్పీకరుకి ఆనించి నలభై ఐదు నిమిషాలు విన్నది. రెండో వైపు తిప్పమంది. ఆ నలభై ఐదూ విన్నది. వరుణ్ మంచం మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. లేచి పోవడానికి ధైర్యం చాలలేదు, నోరు విప్పడానికి అసలే చాలలేదు.

"మిషను పాడయిందేమోనండి?"

మిషను బాగుందని రుజువు చేయాలి కదా. చేతికి అందిన క్యాసెట్ పెట్టి మీట నొక్కాడు. గ్రే స్లేట్ రెండో ఆల్బం గది దద్దరిల్లేలా మోగింది. కూతురి గొంతు పోయిన రీలు అది. లలితకుమారి ఆ పాట కాసేపు విని, తల ఊపింది.

"బాగానే ఉందండి మిషను."

గుమ్మంలో ప్రతిమ నిలబడి ఉంది. "చిన్నపిల్ల లలితా, కోపంలో అలా చేసింది. పోన్లే," అంది.

"కోపం కాదండి అమ్మగారూ. తలుపేసుకుని, గంటన్నర ఖాళీ రీలు తిప్పింది నా కోసం. నువ్వు నాకు అక్కర్లేదని చెప్పడమే కదండీ ఇది." కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు లేవు. "జవాబు చెప్పేత్తాను బాబుగారూ. నొక్కండి."

వరుణ్ తన క్యాసెట్ తీసి, కొత్తది మళ్ళీ పెట్టి రికార్డు నొక్కాడు.

"భరణీ, నీ ఖాళీ క్యాసెట్టు అందింది. అర్థమైంది. నేను రావట్లేదు. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేత్తన్నాను. నువ్వు మాట్టాడక్కర్లేదు, నాకింక క్యాసెట్లు పంపక్కర్లేదు. అమ్మ చచ్చిపోయిందనుకో." ఇంకేదో అనబోయి, వద్దనుకుని, ఆపమని చెయ్యి ఊపింది.

ప్రతిమ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఈ పూట వంట నేను చేస్తాను. నువ్వు పడుకో." ఆ చేతికి లలితకుమారి దణ్ణం పెట్టింది.

లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, వరుణ్ వైపు తిరిగింది. "బాబుగారూ, ఇదైనా దానికి ఇనపడుద్దాండీ? ఓసారి చూడండి, సరిగ్గా పడిందో లేదో."

వరుణ్ వెనక్కి తిప్పి పెట్టాడు. అమ్మ చచ్చిపోయిందనుకో అన్న మాట దాకా మొత్తం విన్నాడు.

"పడింది లలితమ్మా," అన్నాడు. "ఒక్క ముక్క కూడా పోలేదు."