బొంత మూల

మొగుడంపల్లి బడిలో తెలుగు చెప్పే ఇంద్రసేన, పందొమ్మిది వందల ఎనభైలో చనిపోయిన భార్య మనోరమ చీరలన్నీ బొంతలు కుట్టే నారమ్మకిచ్చి బొంత కుట్టమన్నాడు. ఎనభై ఒకటి వానాకాలంలో వెళ్లి అడిగితే, బొంత ఒక మూల ఇంకా తెరిచే ఉంది.

"పురా కాలే సారూ. ఈ చీరలు కట్టిన అమ్మ చేతి గింజలు బొంత కడుపుల పడనిదే మూల మూయను. మాకు గదే ఆచారం."

ఇంద్రసేనకు చిర్రెత్తింది. మాటల పుట్టుక వెతకడం అతని పిచ్చి. "పూర్తి అన్నా, పురా అన్నా ఒక్క వేరు నుంచే పుట్టినయి నారమ్మా, నింపుడని అర్థం. నింపెటామె పోయింది. గింజలు నేనెక్కడ తేవాలె?"

"నింపుడని మీరే అంటున్రు. నింపకుంట ఎట్ల కుట్టాలె?"

మర్నాడు అతను అటక మీంచి విత్తనాల కుండ దించాడు. బూడిద కలిపి మనోరమ దాచిన జొన్నలవి. మూతిగుడ్డకు ఆమె వేసిన ముడిని ఏడాదిగా అతను ముట్టలేదు. ఇప్పుడది విప్పి, దోసెడు మూటగట్టి తెచ్చాడు.

నారమ్మ చిటికెడు గింజలు మూలలో పోసి కుట్టేసింది. మిగిలిన మూట అతని చేతిలోనే పెట్టింది.

"బొంత నిండింది సారూ. గివి మాత్రం మల్ల అటకెక్కియ్యకున్రి. వాన పడ్డది, పెరట్ల విత్తున్రి."