నాంచారమ్మ పొదుపు, నా చిల్లు

“ఈ నూనె నెలాఖరు దాకా రాకపోతే మన గతేం కానండీ?”

నాంచారమ్మ ఈ మాట అన్నప్పటికి ఇంకా నూనె డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ రోజు ఒకటో తారీఖు. డబ్బా మెడదాకా నిండుగా ఉంది. పక్కనే గోడకి వేలాడుతున్న నేనే అందుకు సాక్షిని.

నేను ఒక గుంటగరిటెను. స్టీలుదాన్ని. లోతైన గిన్నె, పొడుగు కాడ, కాడ చివర తగిలించుకోవడానికి వంకీ. ఏ ఊళ్ళో పుట్టానో సరిగా తెలియదు. పెద్ద చప్పుడు చేస్తూ ఒక మిషను నా మీద పడడం, నాకు పొట్ట ఏర్పడడం, అంతవరకే జ్ఞాపకం. తెలివొచ్చేసరికి ఒకావిడ నెత్తిమీద గంపలో ఉన్నాను. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే మనిషి ఆవిడ. బాపట్లలో ఒక గుమ్మం ముందు గంప దించింది. భర్త భావనారాయణగారి ప్యాంట్లు రెండు, పెళ్ళినాటి చొక్కా ఒకటి ఇచ్చి నాంచారమ్మ నన్ను కొనుక్కుంది.

“కొసరు కింద ఓ చెంచా పడెయ్యమ్మా, పిల్లలు గలదాన్ని” అంది.

“నేనేమన్నా గొడ్రాలినా తల్లీ?” అంది గంపావిడ. చెంచా మాత్రం పడేసింది.

ఆ సాయంత్రం భావనారాయణగారు చొక్కా కోసం బీరువా అంతా గాలించి, మంచినీళ్ళకని వంటింట్లోకొచ్చి, గోడమీద కొత్తగా మెరుస్తున్న నన్ను చూసి, సంగతి అర్థమై, నోరెత్తకుండా వెళ్ళిపోయారు. ఆయన పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకుసెట్లు అద్దెకిస్తారు. ఊరందరి గొంతూ పెంచే మనిషి, ఇంట్లో తన గొంతు మాత్రం వాడరు.

వాళ్ళకి ముగ్గురు పిల్లలు. ముగ్గురూ ఎదిగే వయసులో ఉన్నారు. పిల్లలు పొడుగైతే తలుపుమీద గీత గీసి మురిసిపోయే తల్లుల్ని మీరు చూసే ఉంటారు. ఈవిడ, పిల్లాడి ప్యాంటు చీలమండ మీదికి లేచిందంటే బియ్యం డ్రమ్ము మూత తీసి చూస్తుంది. టమాటా సగం కోసి సగం రేపటికి దాస్తుంది, దాచిన సగం కుళ్ళిపోతోందేమోనని మాటిమాటికీ వెళ్ళి వాసన చూస్తుంది. పక్కింటివాళ్ళు ఇంగువ తాలింపు పెట్టారంటే, “రండర్రా, వాసన పోకముందే తినండి” అని పిల్లల్ని మజ్జిగన్నానికి కూర్చోబెడుతుంది.

అలాంటి ఇంటికి శేషు వచ్చింది. భావనారాయణగారి ఒక్కగానొక్క చెల్లెలు. ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా జరగాలి. అమ్మానాన్నా లేరు కాబట్టి అన్న ఇల్లే పుట్టిల్లు. పైగా అత్తగారు పోయేముందు నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, “నా పిల్లకి పురుడు నువ్వే పొయ్యాలే” అని మాట తీసుకుంది. ఆ మాట నాంచారమ్మ మర్చిపోలేదు. మర్చిపోతే అత్తగారు కల్లోకొస్తుందేమోనని ఆమె భయం.

శేషుని పంపిస్తూ ఆమె అత్తగారు తాయారమ్మ ఒక షరతు పెట్టింది. “నెల తిరిగేలోపల వచ్చి చూస్తా. పిల్ల చిక్కినట్టు కనబడిందా, ఆ రైల్లోనే వెనక్కి తీసుకుపోతా. పురుడు మా ఇంట్లోనే.”

ఇక నాంచారమ్మ బుర్ర ఎట్లా తిరిగిందో చెప్తాను వినండి. శేషు ఇద్దరి తిండి తినాలి. కడుపులో కవలలుంటే ముగ్గురి తిండి. రేపు ఆ కవలలు పెద్దవాళ్ళయి వేసవి సెలవులకి మేనమామ ఇంటికొస్తే? వచ్చి పూరీలు కావాలంటే? అప్పటికి నూనె బంగారం కొట్లో అమ్ముతారేమో! ఇంకా పుట్టని పిల్లలు ఎప్పుడో తినబోయే పూరీల కోసం, నన్ను పెరట్లోకి తీసుకుపోయి, బోర్లించి, గిన్నె అడుగున మేకు ఆనించి, పొత్రంతో ఒక్కటి వేసింది.

బూరెలు తీసే గరిటెలు చిల్లులతోనే పుడతాయి. వాటికదొక హోదా. నాది మాత్రం నడివయసులో వచ్చిన రోగం.

ఆ రోజు నుంచీ ఇంట్లో కొత్త పద్ధతి. నన్ను నూనెలో ముంచి పైకెత్తి, డబ్బా మీదే పట్టుకుని, “ఏడుకొండలవాడా వెంకటరమణా, గోవిందా గోవింద” అనుకుని, ఆ తర్వాతే మూకుడు దగ్గరికి పోవాలి. ఈలోపు సగం నూనె డబ్బాలోకే కారిపోతుంది. దేవుణ్ణి తలుచుకున్నట్టూ ఉంటుంది, సరుకూ మిగులుతుంది.

మనుషుల తెలివికి నేను దండం పెడతాను. భావనారాయణగారు ఆమ్లెట్టు వేసుకునేటప్పుడు “ఏడు” అని మొదలుపెట్టి, కొండల దాకా పోకుండానే పరిగెత్తేవారు. పెద్దమ్మాయి హైమ నా చిల్లుకి వేలు అడ్డంపెట్టి, ఆ తర్వాత ఆ వేలు జడకి రాసుకునేది. శేషు గోవింద మొత్తం భక్తిగా చెప్పేది, కాకపోతే రెండుసార్లు ముంచేది. చివరికి నూనె ఎప్పటిలాగే ఖర్చయింది. “ఆవిరైపోతోందేమో!” అని బెంగపడి నాంచారమ్మ డబ్బా మూతమీద పొత్రం బరువు పెట్టింది.

అయితే ఒక సంగతి నాకూ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. శేషు కోసం విడిగా ఏ వేపుడో చేసేటప్పుడు ఆవిడ గోవింద అనేది కాదు. చూపుడువేలు నా చిల్లుకి గట్టిగా నొక్కిపెట్టి, నిండు గరిటె మూకుట్లో వంచేది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం గోవిందలు ఒకటికి నాలుగు చెప్పుకుని, ఉత్త గరిటె వంచి, తడిని కూడా దులిపేది కాదు.

తాయారమ్మ చెప్పినదానికన్నా ముందే దిగింది. ఖర్మకొద్దీ శేషుకి అప్పుడే జలుబు చేసి ముఖం పీక్కుపోయి ఉంది.

“ఏంటే, ఇట్టా అయిపోయావ్?” అంది తాయారమ్మ చెప్పులు విడవకుండానే.

“జలుబత్తయ్యా.”

“జలుబు ముక్కుకి చేస్తది గానీ దవడలకి చేస్తదా?”

నాంచారమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పప్పూ, గుత్తివంకాయ, అప్పడాలూ అన్నీ చేసింది. నెయ్యి కాచింది. ఆ నెయ్యి గిన్నె హాల్లోకి తెస్తే అడుగు కనబడుతుందని, గిన్నె పొయ్యి పక్కనే వదిలేసి, చేతికందిన గరిటె ముంచుకుని బయల్దేరింది. అందిన ఆ గరిటె నేను. కంగారులో చిల్లు సంగతి మర్చిపోయింది.

నేను గట్టిగా అరిచాను. గరిటెల అరుపు ఎవరికి వినబడుతుంది?

గడపమీద ఒక బొట్టు. చాపమీద వరసగా బొట్లు. భావనారాయణగారి తొడమీద ఒకటి సుర్రుమని పడింది, ఆయన “స్స్” అని కూడా అనలేదు. తాయారమ్మ అన్నంమీద నన్ను వంచేసరికి నాలో తడి తప్ప ఏమీ లేదు.

తాయారమ్మ అన్నం వంక చూసింది. “ఏదమ్మా నెయ్యి?”

“వేశాను కదా పిన్నిగారూ.”

“ఎక్కడేశావ్?”

“గడప దగ్గర్నించీ వేసుకుంటూనే వచ్చింది” అంది హైమ.

తాయారమ్మ నన్ను లాక్కుని కిటికీ వెలుగుకేసి ఎత్తింది. నా చిల్లులో ఆవిడ కన్ను కనబడింది. గుండ్రంగా, ఎర్రగా, రెప్ప వెయ్యకుండా. “ఇదేంటమ్మాయ్?”

“తుప్పండీ.”

“స్టీలుకి తుప్పా?”

నాంచారమ్మ భర్త వంక చూసింది. ఆయన విస్తరి వంక చూశారు. ఇక ఆగలేక మొత్తం కక్కేసింది.

“నేనే కొట్టానండీ. మేకు పెట్టి కొట్టాను. నూనె చాలదేమో, నెలాఖరుకి పిల్లలు పస్తుంటారేమోనని భయమేసింది. శేషు కూరకి మాత్రం వేలు అడ్డంపెట్టే వేశాను పిన్నిగారూ, నా పిల్లలమీద ఒట్టు! అది జలుబుకే చిక్కింది, నా వంటకి కాదు. మా అత్తగారికి మాటిచ్చానండీ. పిల్లని తీసుకుపోతారా?”

శేషు ముద్ద చేతిలోనే పట్టుకుని వదిన వంక చూస్తోంది.  తాయారమ్మ నన్నింకా కిటికీకేసే ఎత్తి పట్టుకుంది. నేలమీద నెయ్యి బొట్లు పేరుకోవడం మొదలైంది. గడప కిందనుంచి చీమలు వచ్చాయి. 

నాకు ముందు పట్టబోయే గతంతా కనబడింది. పాతసామాన్ల బండి, సొట్టల బకెట్లు, అడుగు పోయిన కుక్కర్లు, వాటి మధ్య నేను. అక్కడ నన్నెవరైనా “నువ్వేం చేశావ్?” అని అడిగితే ఏం చెప్పను? రేపు ఆకలేస్తుందేమోనని ఇవాళే ఆకలితో కూర్చున్న ఒక మనిషి చేతిలో ఉన్నాను, ఆవిడ వేలు అడ్డంపెట్టినప్పుడు నిండుగా ఉన్నాను. అంతే చెప్పగలను.  

తాయారమ్మ నెమ్మదిగా నన్ను ఒళ్ళో పెట్టుకుంది. చిల్లు చుట్టూ బొటనవేలితో తడిమింది.

“పిల్లని నేనెక్కడికి తీసుకుపోతానే? మా ఇంట్లో ఒక్క పొయ్యిమీద తొమ్మిదిమందికి వండుతున్నా” అంది. “ముందు ఆ మేకు ఏ సైజుదో చెప్పు.”