ఒంటి తుమ్ము

ఇల్లు ఊడుస్తుంటే ఆమె ముక్కులో దుమ్ము దూరింది. గుమ్మం దగ్గర భర్త చెప్పులు వేసుకుంటున్నాడు. అలవాటుగా రెండు వేళ్ళతో ముక్కు నులిమి పట్టుకుంది.

ఆ ఇంట్లో మామగారు తుమ్మితే "నూరేళ్ళు" అంటారు. పసివాడు తుమ్మితే "చిరంజీవ" అంటారు. అత్తగారు తనే తుమ్మి గుడికి బయల్దేరితే, "ఎవరి తుమ్ము వాళ్ళకు అడ్డు కాదు" అనేస్తుంది. కోడలు తుమ్మితే మాత్రం, "ఎవరు బయల్దేరుతున్నారో చూసుకోనక్కర్లేదూ?" అంటుంది అత్తగారు. అందుకే కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె తుమ్ముల్ని మింగడం నేర్చుకుంది. చెవులు గింగురుమనేవి. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఏమైందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. తుమ్ములతోపాటు ఎన్ని మాటలు లోపలికి జారిపోయాయో ఆమెకే గుర్తు లేదు.

ఇవాళ భర్త వెళ్తున్నది ఆమె పనిచేసే బడికే. అక్కడ ఆమె చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. "అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మనిషి కావాలి. ఇక నువ్వు రావని పెద్ద టీచరుకు నేను చెప్పేసి వస్తాలే" అన్నాడు, పొద్దున కాఫీ తాగుతూ. నన్నొక మాట అడగరా అంటే, "నీ కోసమేగా! రెండు చోట్లా చాకిరీ ఎందుకు?" అని నవ్వాడు. ఇంటి చాకిరీలో చెయ్యి వేస్తానని మాత్రం అనలేదు.

ఆమె ముక్కు మీది వేళ్ళు తీసేసింది.

"హాచ్!"

"అయ్యో, సరిగ్గా గడప దాటేటప్పుడే! కూర్చోరా, కాసేపాగి వెళ్దువుగాని" అంది అత్తగారు. "ఏమ్మాయ్, ఇంకోటి రాదూ? జంట తుమ్మైతే దోషం పోతుంది."

వస్తోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. అది బయటపడిందంటే అతను లేచి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళ అభ్యాసమంతా కూడగట్టుకుని ఆమె దాన్ని మింగేసింది.

"రావట్లేదత్తయ్యా."

భర్త విసుక్కుంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అతనికి మంచినీళ్ళిచ్చి, చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?"

"బడికి. వస్తానో రానో నేనే చెప్పుకుంటాను."

"తుమ్మిందీ నువ్వే, బయల్దేరేదీ నువ్వేనా?" అంది అత్తగారు.

"ఎవరి తుమ్ము వాళ్ళకు అడ్డు కాదని మీరే అన్నారుగా అత్తయ్యా."

భర్త గబుక్కున లేవబోయాడు. అత్తగారు అతని చెయ్యి పట్టి కిందకి లాగింది.

"నీకేమన్నా మతిపోయిందట్రా? కూర్చో!"

కోడలు గేటు దాటింది.