పగడాలు ముడుచుకుంటే

అద్దాల తొట్టె అంచున పేరుకున్న ఉప్పును తడిగుడ్డతో తుడుస్తున్నాను. రోజూ తుడవాలి, రోజూ పేరుకుంటుంది. మా ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎవరికో సలహా చెబుతున్నాడు. ఇంట్లో సముద్రపు చేపలు, పగడాలు పెంచుకునేవాళ్ల గ్రూపులో అందరూ ఆయన్ని "గురువుగారూ" అంటారు. ఆ గురువుగారు ఈ తొట్టెలో చేయి పెట్టి మూడేళ్లయింది.

"కొన్నది నేను, చూసుకోవడమేగా నీ పని" అన్నాడు అప్పట్లో. చూసుకోవడమంటే వారం వారం బకెట్లు మోసి నీళ్లు మార్చడం, పంపు విప్పి బ్రష్షుతో తోమడం, నీళ్లలో ఉప్పెంతుందో కొలిచి పుస్తకంలో రాసుకోవడం, ఆనక ఆఫీసుకు ఆలస్యంగా పోయి మేనేజరు చేత మాటలు పడటం. మా అత్తగారు మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తొట్టె చూపించి, "మావాడి చేతిలో ఏదో ఉందమ్మా, ఏం పెట్టినా బతుకుతుంది" అంటుంది. నా చేతులు ఉప్పుకు పగిలాయని ఆవిడకు తెలుసు. "గ్లౌజులేసుకోవచ్చుగా" అన్నది కూడా ఆవిడే. ఒళ్లు మండిపోయింది నాకు.

"నిన్నట్నుంచి పగడాలన్నీ ముడుచుకుపోయాయి గురువుగారూ, ఒకటి తెల్లబడిపోతోంది" అంటున్నాడు ఫోన్లో అతను. ఏడుపొక్కటే తక్కువ.

మా ఆయన నావైపు చూసి కళ్లెగరేశాడు. ఎప్పుడూ ఉన్నదే.

"తగ్గిన నీళ్లకు బదులు ఏం పోస్తున్నారో అడగండి" అన్నాను మెల్లిగా.

"తగ్గిన నీళ్లకు బదులు ఏం పోస్తున్నారు?" అన్నాడు, గొంతు కాస్త బరువుగా పెట్టి.

అతని వెనకాల నుంచి, అతన్నే అంటున్నట్టు, సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది. "ఉప్పునీళ్లే పొయ్యమన్నారుగా మీరు! వద్దు వద్దంటూనే ఉన్నా."

"ఉప్పునీళ్లేనండీ" అన్నాడతను.

గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. ఉప్పంతా తొట్టెలోనే ఉంటే, మళ్లీ ఉప్పునీళ్లే పోస్తే ఏ ప్రాణి తట్టుకుంటుంది? మంచినీళ్లు పోయాలి. ఒకప్పుడు నేనూ ఈయన మాట విని ఉప్పునీళ్లే పోశాను. రెండు పగడాలు చచ్చాక గానీ నాకు బుద్ధి రాలేదు. ఫోన్లో ఆవిడకు ముందే తెలుసు. చెప్పింది కూడా. వినేవాళ్లేరీ?

మా ఆయన మళ్లీ కళ్లెగరేశాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "చెప్పవేం? నా పరువు పోతుంది" అన్నాడు. అక్కడ ప్రాణాలు పోతుంటే ఇక్కడ ఈయనకు పరువు! తడి చేతులు తుడుచుకుని, ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుని "హలో" అన్నాను.

"హలో... గురువుగారు లేరా అండీ?" అన్నాడతను కంగారుగా.

"ఉన్నారు. ఆయనకేం తెలీదు" అన్నాను. "ఫోన్ మీ వెనకాల ఉన్న ఆవిడకివ్వండి."