కౌకో బావగారి గట్టి రోడ్డు

మా బావగారు కౌకోకి దేవుడి మీద ఉన్నా లేకపోయినా, తన బూటు మడమ మీద మాత్రం అపారమైన నమ్మకం. మా మంచుదేశంలో చలికాలమంతా గడ్డకట్టిన నేల ఏప్రిల్లో కరుగుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే రోడ్డు మీదికొచ్చి మడమతో ఒక్క పోటు పొడుస్తారు. "రాయి!" అని తీర్పు చెప్పేస్తారు.

అది మా నాలుగిళ్ళ సొంత రోడ్డు. మరమ్మతు అందరిదీ, పెత్తనం ఆయనది. కరుగు రోజుల్లో బరువు బండ్లు రాకూడదని బోర్డు పెట్టేదీ ఆయనే. పాలబండికి మినహాయింపు, ఎందుకంటే మా ఆవులు నేల గట్టిపడేదాకా పాలు ఆపుకోవు. బండి రాకపోతే ట్యాంకు పొంగుతుంది, పాలన్నీ పేడగుంత పాలు. ఎవరూ ఇవ్వని రెండో మినహాయింపు బావగారు తన అడవిలో కొట్టించిన దుంగలు మోసే లారీలకి ఇచ్చుకున్నారు.

"పొద్దున్నే పోతాయి కదమ్మా, అప్పుడంతా గడ్డకట్టే ఉంటుంది."

"పైన బెత్తెడే గడ్డ, బావగారూ. లోతున ఇంకా చలికాలం గడ్డ. మధ్యలో కరిగిన నీళ్ళెటు పోతాయి? అక్కడంతా జావే."

"చదువుకున్నదానివి, నీకన్నీ జావలాగే కనిపిస్తాయి."

మొదటి లారీ వెళ్ళింది. ఆయన తిన్నగా మా వంటింట్లోకి వచ్చి కాఫీ పోయించుకున్నారు. "వెళ్ళిందా, లేదా?"

"వెళ్ళింది."

బన్నుల పిండి ముందుంటే బొటనవేలితో నొక్కి చూపించాను. గుంట మెల్లిగా పైకొచ్చింది.

"అదిగో, లేచింది!"

"లేచింది, మొత్తం లేవలేదు." మళ్ళీ అక్కడే నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఈసారి గుంట గుంటలాగే ఉండిపోయింది.

"పిండిని ఊరికే హింసిస్తున్నావు," అన్నారు. కాలిన తర్వాత ఆ బన్నూ ఆయనే తిన్నారు.

మా ఆయన పేరు తైస్తో, బావగారి తమ్ముడు. "అన్నయ్య కదా" అన్నది ఆయనకున్న ఏకైక సిద్ధాంతం.

వెళ్ళిన ప్రతి లారీ బావగారి దృష్టిలో తర్వాతి లారీకి సాక్షి. ఒక్కోటీ రోడ్డుని కాస్త కాస్త తినిపోతోందన్న సంగతి ఆ బుర్రకెక్కలేదు. చిత్తడి నేల పక్కనున్న మలుపులో చక్రాల ముందు రోడ్డు అలలా లేస్తోంది. ఎండెక్కింది. "ఈరోజుకి ఇంకొక్కటే," అన్నారు. అదీ వెళ్ళింది! దిగబడి ఉంటే కనీసం సిగ్గుపడే అవకాశమైనా దొరికేది ఆయనకి.

మర్నాడు పాలబండి నడిపే తుయియా మలుపులోనే ఆపేసింది. దిగి ఒక కాలు మోపింది. కాలు చీలమండ దాటి దిగింది.

"హిల్కక్కా, నేను రాను. బండి మునిగితే తీసేదెవరు? నువ్వా?"

ట్యాంకు సాయంత్రానికి నిండుతుంది. బావగారు పరుగున వచ్చారు.

"నిన్న లారీ వెళ్ళిందే! అంతకుముందెప్పుడో వచ్చిన మీ పాలబండే చెడగొట్టి ఉంటుంది."

"అయి ఉంటుంది, బావగారూ," అన్నాను వినయంగా. "ఇప్పుడు కింద గట్టివేవైనా అడ్డంగా పరవాలి."

"ఏం పరుస్తావ్?"

"దుంగలు."

దగ్గర్లో ఉన్న దుంగలు ఒకటే కుప్ప. ఆయన ఆఖరి లారీకని ఉంచుకున్న పైన్ దుంగలు, బాణాల్లా తిన్నగా ఉన్నాయి.

"అవి పలకలు కోయించడానికి పోయేవి!"

"అందుకే. వంకర లేకుండా చక్కగా పడతాయి."

తైస్తో అన్నయ్యని చూశాడు, కుప్పని చూశాడు, ట్రాక్టర్ తీయడానికి వెళ్ళిపోయాడు. పెళ్ళయ్యాక ఆయన మీద నాకంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు. పక్కిళ్ళవాళ్ళూ చెయ్యి వేశారు. పైన కొమ్మలు, కంకర కప్పారు.

సాయంత్రం తుయియా గుండె చిక్కబట్టుకుని వచ్చింది. దుంగలు మూలిగాయి, సందుల్లోంచి బురద చిమ్మింది. అయినా పాలెక్కించుకుని బయటపడింది.

బావగారు చీలిపోయిన తన పైన్ దుంగని కాసేపు చూశారు. తర్వాత ఛాతీ విరుచుకుని తుయియాతో అన్నారు:

"చూశావా, మా రోడ్డు ఎంత గట్టిదో?"

తుయియా నావైపు చూసింది. నేను ఖాళీ ట్యాంకు కడగడానికి లోపలికి నడిచాను.