రామసుబ్బయ్య తోడబుట్టినవాడు

పొట్టేళ్ల విషయంలో గిద్దలూరు చుట్టుపక్కల రామసుబ్బయ్య మాటకు తిరుగులేదు. కొమ్ములు, ఛాతీ, నడక అందరూ చూస్తారు. ఆయన మాత్రం వాటి జోలికి పోకముందే, తల్లిని చూపించు, తోడబుట్టినవాటిని చూపించు అంటాడు. అమ్మేవాడు నసిగాడంటే బేరం అక్కడితో సరి. ఆ సంగతి పదిమందిలో చెప్పుకుని మీసం దువ్వుకోవడం ఆయనకు అలవాటు. ఇన్నేళ్లకు ఆ మాటే తిరిగొచ్చి ఆయన మెడకు చుట్టుకుంది.

కూతురు లక్ష్మీకుమారికి చంద్రశేఖరపురం వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వినయ్ కుమార్ దర్శిలో ల్యాబ్ టెక్నీషియన్. ఫోన్లో మాట్లాడుకుని ఒకరికొకరు నచ్చేశారు. ఇక పెద్దవాళ్లు వచ్చి చూసి వెళ్లడమే మిగిలింది. వాళ్లదీ గొర్రెల ఇల్లే. గొర్రెలవాళ్లు పిల్లను చూడ్డానికి వస్తే మందనూ చూస్తారు. మందను చూసిన కళ్లతోనే ఇంట్లోవాళ్లనూ చూస్తారు. ఆ చూపు ఎలాంటిదో రామసుబ్బయ్యకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన తమ్ముడు యల్లయ్యకు స్కిజోఫ్రేనియా. వయసులో ఉండగా మనిషి లేని చోట గొంతులు వినబడటం మొదలైంది. మాత్రలు పడ్డాక అవి నెమ్మదించాయి. ఇప్పుడు మంద మొత్తం అతనిదే భారం. అయినా ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోతాడు, తనలో తాను పెదవులు కదుపుతాడు. వచ్చినవాళ్లు అది చూస్తే సంబంధం తప్పిపోతుందని, కూతురి ఆశ నీరుగారిపోతుందని రామసుబ్బయ్య భయం. ఆ రోజుకు తమ్ముణ్ని గిద్దలూరులో మేనత్త ఇంటికి పంపేద్దామని భార్య సుబ్బులమ్మతో గుట్టుగా అనుకున్నాడు.

ఆ ఇంట్లో గుట్టు అనేది పూట కూడా నిలవదు. లక్ష్మీకుమారి వచ్చి ఎదురుగా నిలబడింది.

"చిన్నాయన వాకిట్లో కూర్చోకపోతే నేను ఇంట్లోనుంచి బయటికి రాను."

"నీ మంచికే గదమ్మా. రక్తంలోనే ఉంటదంటారు. జాతి చూడకుండా నేను పొట్టేలును కొంటానా? వాళ్లు మాత్రం ఊరికే ఉంటారా?"

ఆ పిల్ల నెలనెలా చిన్నాయనతో మార్కాపురం డాక్టరు దగ్గరికి వెళ్తుంది. తనకూ వస్తుందా అని కూడా మొహమాటం లేకుండా అడిగేసిన ఘటికురాలు. డాక్టరు చెప్పిందంతా తండ్రికి విడమరిచింది. రక్తంలో ఉంటుందన్న మాట నిజమే, కానీ అది ఏదో ఒక్క జీన్ చేసే పని కాదు. చిన్నాచితకా జీన్లు వందల్లో కలిసి, ఒక్కోటి కాస్తకాస్త అటువైపు తోస్తాయి. వాటిలో కొన్ని అందరిలోనూ ఉంటాయి. తల్లి కడుపులో ఉండగా పడ్డ ఇబ్బందులు, గంజాయి, బతుకులో తగిలే దెబ్బలు కూడా వాటికి తోడవుతాయి. చిన్నాయనకు ఉంది కాబట్టి తనకు ఆ ప్రమాదం మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువ, అంతే. అలాంటి ఇళ్ల పిల్లల్లో చాలామందికి ఎప్పటికీ రాదు.

రామసుబ్బయ్య తల అడ్డంగా ఊపాడు. అప్పుడా పిల్ల ఆయన్ను దొడ్లోకి తీసుకుపోయింది.

"మన పెద్ద పొట్టేలుకు ఆ నల్లగొర్రె ఒకే కాన్పులో రెండిటిని ఈనింది. ఒకటి చూస్తుండగానే కండ పట్టింది. ఇంకోటి ఎంత మేపినా బక్కదే. తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే. మరి నీ జాతి ఏడికి పోయింది నాయనా?"

బేరానికి ఎవరొచ్చినా ఆ బక్కదాన్ని మంద వెనక్కి తోసేస్తాడాయన. ఇప్పుడు తమ్ముణ్నీ అలాగే తోస్తున్నానని తోచేసరికి సిగ్గుతో తల వంగిపోయింది. ఆ సాయంత్రమే యల్లయ్య పక్కన కూర్చుని, నీ సంగతి వాళ్లతో చెప్పేదా అని అడిగాడు. చెప్పమన్నాడు యల్లయ్య. అంతటితో ఊరుకోకుండా తన నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

పెళ్లివారు వచ్చారు. వినయ్ తాత దొడ్డి నాలుగు మూలలా తిరిగి, ఇంత నిండుగా ఉన్న మందను ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. ఎవరు మేపుతారని అడిగాడు. రామసుబ్బయ్య లేచి, కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్న యల్లయ్య భుజమ్మీద చెయ్యి వేశాడు.

"పొట్టేలును కొనేటప్పుడు తోడబుట్టినవాటిని చూపించమని అడిగేటోణ్ని నేను. మీరు అడగకముందే చూపిస్తాండా. ఈడు యల్లయ్య, నా తోడబుట్టినోడు. స్కిజోఫ్రేనియా అనే జబ్బుంది. మాత్రలు మింగుతాడు, తెల్లారితే మందను తోలుకపోతాడు. మీరు మెచ్చుకున్న మంద ఈడు మేపిందే. నా బిడ్డకు రాకపోయే అవకాశమే ఎక్కువని డాక్టరు చెప్పినాడు. దాచిపెట్టి పిల్లనిచ్చేది మాత్రం నాకు చేతగాదు."

మందను చూసి మురిసిపోవడం ఆయనకు కొత్త కాదు. తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి ఛాతీ విరుచుకోవడం అదే మొదలు. వినయ్ తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా అన్నకూ ఇదే జబ్బు," అంది. "ఈ పొద్దు నేనూ వస్తానని కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మీరేమనుకుంటారో అని విప్పించి వచ్చినాం."

వినయ్ తల పైకెత్తలేదు. లక్ష్మీకుమారి అతనివైపు సూటిగా చూసి, ఇద్దరి ఇళ్ల సంగతీ చెప్పి డాక్టరును మళ్లీ అడుగుదాం, ఈ నెల నువ్వూ మార్కాపురం రావాలంది. వస్తానన్నాడు. దాచిన తప్పు మాదేనని తాత ఒప్పుకుని, మీకు సమ్మతమైతే మాకూ సమ్మతమే అన్నాడు.

రామసుబ్బయ్య వినయ్ తల్లి ముందు నిలబడ్డాడు. "పెండ్లికి ఆయన్ను ఆ కొత్త చొక్కాతోనే పిలుచుకురా చెల్లీ. మా యల్లయ్య పక్కన కుర్చీ ఏపిస్తా."

పొద్దుటినుంచీ పలకని యల్లయ్య అప్పుడు మాట్లాడాడు.

"ముందు వరసలో ఏపియ్యి అన్నా."